ఐదూ యాభైకి వచ్చిన చీటీ

మేడ మీది గది,
ఆదివారం పొద్దున

అక్కా,

ముందు నవ్వేయి. ఈ రోజుల్లో కవరేమిటి, స్టాంపేమిటే రబ్బరూ అని నువ్వు అనబోయేది నాకు ఇక్కడికే వినిపిస్తోంది. నవ్వడం అయ్యాక చదువు.

మెసేజీలు చూడటం మానేశాను. ఆఫీసు వదిలి ఎనిమిది నెలలవుతున్నా, ఫోను టింగుమంటే చాలు దిండు కిందకి తోసేస్తున్నాను. ఉత్తరమైతే రెండు నిమిషాల్లో జవాబు రాలేదేమని ఎవరూ నిలదీయరు. పైగా ఫోన్లో నువ్వు ‘బాగున్నానే’ అని ఒక్క ముక్కలో అబద్ధమాడి పెట్టేస్తావు. కాగితం మీద అంత తేలిగ్గా కుదరదు. చిన్నప్పుడు పోట్లాడుకుని మాటలు మానేసినప్పుడు తలుపు కింద నుంచి చీటీలు తోసుకునేవాళ్ళం చూడు, అలా అనుకో.

బడిలో లెక్కలు చెప్పడం నాకు బాగానే అబ్బింది. మూడున్నరకి గంట కొడతారు. నాలుగింటికి గదిలో ఉంటాను. ఇంటావిడ రిటైరైన నర్సు. మొదటి వారమంతా రోజూ మెట్ల దగ్గర ఆపి, “నీ వయసు పిల్ల ఇంత పెందలాడే ఇల్లు చేరడం నేనెక్కడా చూళ్ళేదమ్మా, ఒంట్లో బాగుండటం లేదా?” అని నాడి పట్టుకుని చూసేది. బాగానే ఉందని చెబితే నమ్మలేదు. ఇప్పుడిప్పుడే నమ్ముతోంది.

‘ఆరు దాటితే నేను ఎవరి ఉద్యోగినీ కాను.’ ఈ మాట కాగితం మీద రాసి అద్దం పక్కన అంటించుకున్నాను. మన ఆఫీసులో చివరి ఆరు నెలలూ సరిగ్గా ఆరింటికి లేచిపోయేదాన్ని గుర్తుందా? పెద్దసారు ఒకసారి గడియారం వంక, ఒకసారి నా వంక చూసేవారు. నేను మాత్రం బ్యాగు తగిలించుకుని తలెత్తుకుని నడిచేదాన్ని. నీకూ ఆ ధైర్యం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాను.

మొన్న వడ్రంగి వచ్చాడు, గోడకి రెండు అరలు కొట్టమంటే. పని సగమయ్యాక వీటిలో ఏం పెడతారని అడిగాడు. పుస్తకాలన్నాను. అతను సుత్తి కింద పెట్టేశాడు. “ఆ మాట ముందే చెప్పాలి కదమ్మా. బట్టలకైతే ఈ చెక్క చాలు. పుస్తకాలంటే రాళ్ళతో సమానం” అని అంతా ఊడదీసి మళ్ళీ మొదలుపెట్టాడు. మనమిద్దరం భవనాల బరువులు లెక్కకట్టి బతికినవాళ్ళం. నాకు అతని దగ్గర చీవాట్లు.

నీ ప్రమోషన్ ఎంతవరకు వచ్చింది? అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ‘అక్కను చూసి నేర్చుకో’ అంటూనే ఉంది. పెద్దమ్మ మాత్రం, కన్నతల్లి కదా, నువ్వు చిక్కిపోయావంటోంది. ఎవరి మాట నమ్మాలో నువ్వే రాయి.

నీ
రబ్బరు


ఆఫీసు, నాలుగో అంతస్తు, కిటికీ పక్క బల్ల,
గురువారం, భోజనాల వేళ

ఒసే రబ్బరూ,

నవ్వాను. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూసేంత నవ్వాను. ఈ నెలలో ఇదే మొదటిసారి అనుకుంటా, కాబట్టి నీ స్టాంపు ఖర్చు వృథా పోలేదు.

ఇద్దరి మాటా నమ్ము. చిక్కాను, నేర్చుకోదగినదాన్నే. పెద్దసారు పోయిన వారం గదిలోకి పిలిచి తలుపేసి మరీ చెప్పారు. లైబ్రరీ భవనం ప్రారంభమైన రోజునే నన్ను భాగస్వాముల్లో ఒకదాన్ని చేస్తున్నట్టు ప్రకటిస్తారట. ముప్పై రెండు నిండకుండా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఇంతవరకు లేరట. పిన్నికి అప్పుడే చెప్పకు, పేపర్లో వేయించేస్తుంది. ఇంకా ఆరు వారాలుంది. వచ్చే నెలాఖరు సోమవారం నుంచి పాత భవనంలోని పుస్తకాలు తరలిస్తారు, ఆ వారాంతంలో ప్రారంభం.

నీ అద్దం పక్క సూక్తి బాగుంది. నాకూ ఒకటి రాసి పంపు, ‘ఆరు దాటితే అసలు పని మొదలు’ అని. ఆఫీసు ఖాళీ అయ్యాకే నాకు బుర్ర పనిచేస్తుంది. నీలా పిల్లల మధ్య సుద్దముక్క పట్టుకుని సంతోషంగా ఉండటం అందరికీ చేతకాదు. ఒక భవనం ముందు నిలబడి, ఇందులో ప్రతి దూలం సంగతీ నాకు తెలుసు అనుకున్నప్పుడు కలిగే సుఖం ఉంది చూడు, అది నీకు తెలుసు. తెలిసి వదులుకున్నావు. నాకు అదే ఇప్పటికీ మింగుడుపడదు.

సరే, గొడవ వద్దు. నిద్ర లేక వాచిన కళ్ళతో ఎందుకులే.

ఒక్క సంగతి. నీ వడ్రంగి దగ్గర చదవడం ఆపేశాను, మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివాను. పని సగమయ్యాక తెలిసిందన్నావు కదా. అప్పటికి కొట్టిన చెక్కల్ని అతను ఏం చేశాడు? వాటికే కింద దన్ను పెట్టాడా, మొత్తం తీసేశాడా? ఊరికే అడుగుతున్నాను.

నీ
స్కేలు అక్క


మేడ మీది గది,
మంగళవారం

అక్కా,

తీసేశాడు. తీయకుండా కింద రెండు ఇనప బద్దలు బిగించవచ్చా అని నేనే అడిగాను. “ఖాళీగా ఉన్నప్పుడైతే ఏదైనా చేయొచ్చమ్మా. పుస్తకాలు ఎక్కించాక మాత్రం చేయి పెట్టలేం” అన్నాడు.

నువ్వు జన్మలో ఊరికే ఏదీ అడగలేదు. మన తాతగారిని కూడా ‘ఎలా ఉన్నావు’ అని అడగకుండా ‘ఎన్ని మాత్రలు మిగిలాయి’ అని అడిగేదానివి. ఏమైంది?

రబ్బరు


లైబ్రరీ కొత్త భవనం, మెట్ల మీద,
శనివారం మధ్యాహ్నం

రబ్బరూ,

నువ్వు తప్ప ఈ మాట అర్థమయ్యేవాళ్ళు ఎవరూ లేరు. నీకు చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను, ఇప్పుడు చెప్పేస్తున్నాను. ఫోన్ మాత్రం చేయకు. నీ గొంతు వింటే ఏం కాలేదని బుకాయిస్తాను.

ఈ భవనం రెండో అంతస్తులో, మొదటి ప్లాను ప్రకారం, చదువుకునే హాలు ఉండేది, నీకు గుర్తుండే ఉంటుంది. పుస్తకాల బీరువాలు కింద. తరువాత, కింద చెమ్మ వస్తుందని, బీరువాలు రెండో అంతస్తుకి మార్చమని లైబ్రేరియన్ గారు ఉత్తరం రాశారు. గదుల పేర్లు మార్చాం. నేల లెక్క మార్చలేదు. మనుషులు కూర్చుని చదువుకునే నేల వేరు, కిక్కిరిసిన బీరువాలు వరుసకట్టే నేల వేరు. రెండో దానికి రెండింతలకు పైగా బలం కావాలి. నీ ఉత్తరం చదివిన రోజు ఎందుకో ఆ నేల లెక్కల షీటు తీసి చూశాను. రెండుసార్లు లెక్క కట్టాను, బలం చాలదు.

మార్పు వచ్చిందని రాసే పసుపు చీటీ ఫైల్లోనే ఉంది. కానీ పైన లేదు, లోపల కాగితాల మధ్య ఉంది. మన పద్ధతి తెలుసు కదా. చీటీ ఫైలు పైన క్లిప్పుకి ఉండాలి, లెక్క సరిదిద్దాకే తీయాలి. పైన పసుపు కనిపించకపోతే సరిచూసేవాళ్ళు అంతా అయిపోయిందనుకుంటారు. సరిచూసిన చోట సంతకం నాది. ఆ రోజు నలభై ఫైళ్ళ మీద పెట్టాను. తెరిచి చూడలేదు.

షీటు చేసిన పిల్లని నువ్వు ఎరగవు, నువ్వు వెళ్ళాక చేరింది. దాని సంగతి వదిలేయి.

ఇప్పుడు ఆ రెండో అంతస్తులోనే నిలబడి వచ్చాను. బీరువాలు బిగిస్తున్నారు. లైబ్రేరియన్ గారు నా చేయి పట్టుకుని అన్నీ చూపించారు. సరిగ్గా దీని కింద పిల్లల గదట. పొట్టి కుర్చీలు వేసి ఉన్నాయి, గోడకి ఏనుగు బొమ్మలు గీయించారు. “మీ పుణ్యమాని నా పుస్తకాలకి చెమ్మ తగలకుండా పోయిందమ్మా” అన్నారు. నేను నవ్వాను. ఆవిడ వెళ్ళాక కూడా ఆ నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, తీయడం చేతకాలేదు.

ఒక్క రోజులో కూలిపోతుందని కాదు. అసలు కూలకపోవచ్చు కూడా. అది తేల్చాలంటే పెద్దసారుకి చెప్పాలి. చెబితే ప్రారంభం ఆగిపోతుంది, కుర్చీ పోతుంది. తొమ్మిదేళ్ళు ధారపోశానే. ఒక్క పండక్కీ ఇంటికి వెళ్ళలేదు, నాన్న ఆపరేషన్ రోజున కూడా సాయంత్రం ఆఫీసుకి వచ్చాను. పుస్తకాలు ఎక్కడానికి ఇంకా నాలుగు వారాలుంది. ఏదో ఒక దారి దొరుకుతుంది.

అక్క


మేడ మీది గది,
బుధవారం

అక్కా,

ఏ దారీ దొరకదు. రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పేయి. ఇది చదవగానే చెప్పేయి. మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చుంటే నాలుగు వారాలు నాలుగు రోజుల్లా కరిగిపోతాయి.

తప్పంతా నీ నెత్తిన వేసుకోకు. నలభై ఫైళ్ళు ఒక మనిషి ముందు పడేసి సాయంత్రానికి కావాలంటే ఎవరైనా అలాగే చేస్తారు. నిన్ను అలా తయారుచేసింది వాళ్ళు. ఏనాడైనా వద్దన్నావా? కాదన్నావా? అందుకే ప్రతివాడూ తెచ్చి నీ బల్ల మీద పెట్టి పోయాడు.

ఆ పిల్ల మీద కూడా కోపం పెంచుకోకు. చిన్నపిల్ల అయి ఉంటుంది. రోజంతా చాకిరీ చేశాక ఐదూ యాభైకి తెచ్చి చీటీ చేతిలో పెడితే ఎవరికైనా విసుగేస్తుంది. లోపల పెట్టేసి పొద్దున చూద్దామనుకుని ఉంటుంది. దానికి ఒక బతుకు, ఒక ఇల్లు ఉండదా?

పిల్లల గది గురించి ఎందుకు రాశావు? నేను ఇవాళ తరగతిలో భాగహారం చెబుతూ మధ్యలో ఆపేశాను. పొట్టి కుర్చీలే కనిపించాయి.

చెప్పావని ఒక్క ముక్క రాయి. ఒక్క ముక్క చాలు.

రబ్బరు


ఆఫీసు, మెట్ల పక్క గది,
సోమవారం

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

చీటీ ఐదూ యాభైకి వచ్చిందని నేను నీకు రాయలేదు.

చీటీ మీద రాసి ఉంది, టైము. దాని పక్కన అందినట్టు గుర్తు, నీ పొట్టి అక్షరాలతో. అందుకే షీటు ఇంకెవరో చేశారని అబద్ధం రాశాను. నువ్వక్కడ మూడున్నరకి ఇంటికెళ్ళి సుఖంగా ఉన్నావు కదా, ఆ సుఖం చెడగొట్టడం ఎందుకనుకున్నాను. వెళ్ళిపోయే హడావుడిలో పాపం మరిచిపోయి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మరిచిపోయినవాళ్ళకి నిమిషాలు గుర్తుండవే.

ఏనాడైనా కాదన్నావా అని అడిగావు. లేదు. నువ్వు ఆరింటికి తలెత్తుకుని నడిచి వెళ్ళిన ప్రతిరోజూ, నీ బల్ల మీద మిగిలింది ఎవరి బల్ల మీదకి వచ్చేదో నువ్వు ఏనాడైనా అడిగావా? నీ ధైర్యానికి అందరూ ముచ్చటపడ్డారు. ఆ నలభై ఫైళ్ళలో తొమ్మిది నీవి. నీ చేతిరాత చూసి, నా చెల్లెలే కదా అని, వాటిని అందరికంటే ముందు సంతకం పెట్టి పక్కన పెట్టాను.

ఇక నా గొప్ప కూడా విను. ఆ చీటీ చించేస్తే ఏమవుతుందో తెలుసా? మార్పు సంగతి మనకు సరిగ్గా చెప్పలేదని లైబ్రేరియన్ గారి మీదకి తోసేయవచ్చు. ఆవిడ ఉత్తరం ఎక్కడో పోయిందనవచ్చు. నేల బాగుచేయించవచ్చు, కుర్చీ కూడా నిలబడుతుంది. నాలుగు రోజులుగా చీటీని పర్సులో పెట్టుకుని తిరుగుతున్నాను. నిన్న ఆవిడ ఫోన్ చేసి ప్రారంభానికి నా పేరు రాతి పలక మీద చెక్కిస్తున్నామన్నారు. పేరు ఎలా రాయాలో అడిగారు. చెప్పాను కూడా. చెప్పి ఇక్కడికొచ్చి కూర్చున్నాను. 

పుస్తకాలు ఎక్కడానికి ఇరవై ఒక్క రోజులుంది. పెద్దసారుకి చెప్పలేదు.

అక్క


మేడ మీది గది,
శుక్రవారం

అక్కా,

అవును. చూశాను.

అది నేను వెళ్ళే ముందు చివరి శుక్రవారం. నువ్వు కింద మీటింగులో ఉన్నావు. బ్యాగు భుజానికి తగిలించుకున్నాను. అప్పుడు చీటీ తెచ్చి ఇచ్చారు. అది ఎంత పనో చదవగానే తెలిసింది. కనీసం మూడు గంటలు. ఆరు నెలలుగా ఒక్క రోజు కూడా ఆరు దాటి ఉండలేదు. ఆ ఒక్క రోజు కూర్చుంటే పెద్దసారు గెలిచినట్టవుతుందనిపించింది. అంతే అక్కా, అంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు. పైన క్లిప్పుకి పెడితే మీటింగు నుంచి వచ్చి నువ్వు చూసి, ఇది చేసి వెళ్ళవే అంటావని భయం. అందుకే లోపల పెట్టాను. సోమవారం నుంచి అందరూ వీడ్కోలు, ఫోటోలు. ఒకరోజు గడిచాక చెప్పడం కష్టమైంది, నాలుగు రోజులయ్యాక చెప్పలేకపోయాను.

నువ్వు చూసే ఉంటావని చెప్పుకున్నాను. అక్క అన్నీ చూస్తుంది కదా అని. ఎనిమిది నెలలు అదే మాట చెప్పుకుంటూ బతికాను. వడ్రంగి సుత్తి కింద పెట్టిన రోజు ఆ మాట ఇక పనిచేయలేదు. నిన్ను నేరుగా అడగడానికి నోరు రాలేదు. అందుకే అతని కథ నీకు రాశాను. అసలు ఈ ఉత్తరాలు మొదలుపెట్టింది దానికే. మెసేజీలూ, ఫోను దిండు కిందకి తోయడమూ నిజమే, కానీ అసలు సంగతి అది కాదు. నువ్వు చదివి ఏమీ అనకపోతే లెక్క సరిచేసి ఉన్నావని అర్థం చేసుకుందామనుకున్నాను. నువ్వు చెక్కల్ని ఏం చేశాడని అడిగావు. ఆ ఉత్తరం పట్టుకుని మెట్ల మీదే కూలబడ్డాను. ఇంటావిడ మళ్ళీ నాడి చూసింది.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, ఇక దాచడానికి ఏముంది. ఆరింటికి ఇంటికి వచ్చి నేను ఏ కూనిరాగాలూ తీయలేదు. మొదట్లో మంచం మీద కూర్చుని, ఇప్పుడేం చేయాలబ్బా అని గోడ చూసేదాన్ని. ఆ టైము నాదని అందరికీ చాటి చెప్పుకున్నానే గానీ దానితో ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు. పిల్లలకి లెక్కలు చెప్పడం మాత్రం నిజంగా ఇష్టం. అందులో అబద్ధం లేదు.

నన్ను తిట్టు. చీటీ చించకు. నా పేరు చెప్పు.

రబ్బరు


ఇల్లు, వంటింటి బల్ల,
మంగళవారం పొద్దున

రబ్బరూ,

చెప్పేశాను. పుస్తకాలు ఎక్కడానికి తొమ్మిది రోజులుందనగా.

పెద్దసారు అరవలేదు. అరిస్తే బాగుండేది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, “నువ్వా?” అన్నారు. అంతే. ఆ ఒక్క మాటకి తొమ్మిదేళ్ళూ నా కళ్ళ ముందే నేలపాలయ్యాయి. తరువాత అన్నీ చకచకా జరిగిపోయాయి. ప్రారంభం వాయిదా వేశారు. రెండో అంతస్తు కింద ఇనప దూలాలు వేస్తారట, మూడు నెలలు పడుతుంది. పిల్లల గది నడుమ రెండు స్తంభాలు వస్తాయి. లైబ్రేరియన్ గారు ఫోన్ చేసి, “స్తంభాలకి జిరాఫీలు గీయిస్తాలేమ్మా” అన్నారు. అప్పటిదాకా ఏడవనిదాన్ని అప్పుడు ఏడ్చాను.

కుర్చీ పోయింది. వచ్చే సోమవారం విచారణ. అందులో నా సంతకానికి విలువ ఉంచాలో తీసేయాలో తేలుస్తారు. అందాకా ఇంట్లో ఉండమన్నారు. పిన్నికి సెలవు పెట్టానని చెప్పాను. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది, విశ్రాంతి తీసుకో అంది.

చీటీ నా చేతికే వచ్చిందని, మరిచిపోయానని చెప్పాను. కాగితం పారేశానన్నాను. నీ పేరు ఎత్తలేదు, ఎత్తను. తెరిచి చూడకుండా సంతకం పెట్టింది నేను. నీకు ఇష్టమైన పని దొరికింది, బడివాళ్ళ చెవిన పడితే అది కూడా పోతుంది. ఇద్దరం మునగడం ఎందుకు? చీటీ ఇందులోనే పెట్టి పంపుతున్నాను. నువ్వే చింపెయ్. నా చేత కాలేదు.

నీ మీద కోపం పోలేదు. పోతుందో లేదో తెలియదు. కానీ నిన్న మధ్యాహ్నం పన్నెండింటికి పడుకుంటే సాయంత్రం వీధిలో పిల్లల కేకలకి మెలకువ వచ్చింది. వాళ్ళు ఈ వీధిలో ఆడుకుంటారని నాకు ఇన్నేళ్ళుగా తెలియదు. కిటికీ దగ్గర నిలబడి చూస్తూ, సోమవారం తరువాత నేను ఎవరిని అనుకున్నాను.  చాలా భయం వేసింది.

అక్క


ఆఫీసు, కింది అంతస్తు, గుమ్మం పక్క కుర్చీ,
శుక్రవారం

అక్కా,

కంగారుపడకు. నేను ఊళ్ళోనే ఉన్నాను. బస్సు దిగి తిన్నగా ఇక్కడికి వచ్చాను, ముందు నీ దగ్గరికి వస్తే నన్ను ఆపేస్తావని.

బడిలో హెడ్మిస్ట్రెస్ గారికి అంతా చెప్పి బయల్దేరాను.  “సోమవారం తరువాత రా, అప్పుడు చూద్దాం” అన్నారు. దాని అర్థమేమిటో దారి పొడుగునా ఆలోచించాను, తేలలేదు. అమ్మకి కూడా ఫోన్లో చెప్పాను. ‘అక్కను చూసి నేర్చుకో’ అని ఈసారి అనలేదు. “అది ఏమైనా తిందో లేదో చూడు” అంది. నీ గురించే.

నీ మీద నాకూ కోపంగా ఉంది, తెలుసా? తప్పు కూడా నాకు మిగల్చకుండా నువ్వే చేసేస్తానంటావు. నా బల్ల మీద మిగిలింది ఎప్పుడూ నీ బల్ల మీదకే రావాలా? తెరవకుండా సంతకం పెట్టింది నీ తప్పు, దాన్ని నువ్వు ఉంచుకో. లోపల పెట్టింది నాది. నాది నాకు ఇచ్చేయి.

చీటీ నా చేతిలోనే ఉంది. బస్సులో ఎన్నిసార్లు మడిచి విప్పానో, మడత దగ్గర పలచబడింది. అక్షరాలు మాత్రం బాగానే కనబడుతున్నాయి, ఐదూ యాభై, పక్కన నేను.  కాసేపటి క్రితం లేచి గుమ్మం దాకా వెళ్ళాను కూడా, నీ దగ్గర దాచడమెందుకు. మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

పెద్దసారు మీటింగులో ఉన్నారట. ఆలస్యమవుతుంది, రేపు రమ్మని రిసెప్షన్ అమ్మాయి రెండుసార్లు చెప్పింది. ఉంటానన్నాను.

ఆరు కొట్టింది.

ఆ అమ్మాయి బ్యాగు తగిలించుకుని, నన్ను ఒక్కదాన్నే వదిలి వెళ్ళడానికి మొహమాటపడుతోంది. “మీరు వెళ్ళండి, పరవాలేదు” అన్నాను. ఆమెది మీ వీధి చివరి ఇల్లేనట. ఈ కాగితం నీ తలుపు కింద నుంచి తోసి వెళ్తానంది. అందుకే గబగబా ముగిస్తున్నాను.

ఏదైనా వండి తిను. నాకూ కాస్త ఉంచు. తలుపు గడియ పెట్టకు. ఎన్నింటికి వస్తానో చెప్పలేను.

నీ
రబ్బరు